అమ్మ పేరున్న రాయి

ఈస్టరుకు ఊరెళ్తూ నేను బస్సు డిక్కీలో ఒక రాయి వేయించుకున్నాను. నల్ల గ్రానైటు రాయి, అడుగున్నర వెడల్పు, రెండడుగుల పొడవు. పాత దుప్పటి చుట్టి, పైన గోనెసంచి కప్పి, మా ఆయన నైలాన్ తాడుతో గట్టిగా కట్టి ఇచ్చాడు. హైదరాబాదులో బస్సు క్లీనరు దాన్ని ఎత్తబోయి సగంలోనే దించేసి, "ఏముందమ్మా ఇందులో?" అన్నాడు. "మా అమ్మ" అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను. అతను పాపం ఇంకొకణ్ణి పిలిచి, ఇద్దరూ కలిసి మెల్లగా లోపల పెట్టి, మీద ఎవరి సూట్‌కేసూ పడకుండా ఒక మూలకు జరిపారు.

తెల్లవారి మార్కాపురంలో దిగేసరికి బావ ఆటోతో సిద్ధంగా ఉన్నాడు. బావ అంటే మా అక్క భర్త. పాతికేళ్లుగా ఆ ఊళ్లో ఆటో నడుపుతున్నాడు. ఊరికే మాట్లాడడు. మాట్లాడితే మాత్రం ఎవరో ఒకరికి చురక తగలాల్సిందే. గోనెసంచి మూల ఎత్తి చూసి, మళ్లీ కప్పేసి, "పలకల ఊరికి హైదరాబాదు నుంచి రాయి మోసుకొచ్చినావా పాపా? ఎవురన్నా ఇంటే నవ్వుతారు" అన్నాడు.

పాప అంటే నేనే. నలభై మూడేళ్లు, జుట్టుకు రంగు, మోకాళ్ల నొప్పులు, ఇంటర్ చదివే కొడుకు. అయినా ఆ ఇంట్లో పాపనే. బావ అన్నదాంట్లో తప్పేమీ లేదు. మా ఊరి చుట్టుపక్కల నేల తవ్వితే పలకరాయే. ఒకప్పుడు సగం ఊరు దాని మీదే బతికింది. గనిలో రాయి తీసేవాళ్లు కొందరు, షెడ్డుల్లో రాయిని పొరలుగా చీల్చేవాళ్లు కొందరు, కోసేవాళ్లు కొందరు, రుద్ది నునుపు చేసేవాళ్లు కొందరు. మా అమ్మ రుద్దేవాళ్లలో ఒకతె. మా చిన్నప్పుడే నాయన పోయినాక మా ఇద్దరినీ ఆ రుద్దుడుతోనే పెంచింది. సాయంత్రం ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటే చెంబుడు నీళ్లు బూడిదరంగుకు తిరిగేవి. మేం తినే అన్నంలో కూడా ఆ దుమ్ము ఉండేదేమో, ఎప్పుడైనా పంటికింద కరకరలాడేది.

అన్ని వేల పలకలు చేతుల మీదుగా పంపిన మనిషికి చదువు రాదు. తన పేరు రాయడం ఒక్కటే నేర్చుకుంది. మా చర్చి సంఘంలో ఒక అమ్మగారు ఆదివారం ఆరాధన అయ్యాక కూర్చోబెట్టి నేర్పింది. అంతవరకూ వేలిముద్రే. నేర్చుకున్నాక కొన్నాళ్లు కనబడ్డ చోటల్లా పేరు రాసేది. ఇంటి గోడ మీద బొగ్గుతో, నా పుస్తకాల అట్టల మీద, విరిగిపోయి పక్కన పడేసిన పలకల మీద. నా లెక్కల నోటుబుక్కులో ఒక పేజీ నిండా రాసింది. మర్నాడు బళ్లో సారు తిడితే నేను ఇంటికొచ్చి అమ్మ మీద విరుచుకుపడ్డాను. అప్పటికే నా నోరు అట్లా ఉండేది. ఇప్పుడు నేనూ లెక్కల టీచర్నే. ఆ పేజీ దాచుకోనందుకు ఇప్పటికీ నా మీద నాకు కోపం.

అందుకే ఆ రాయి. అమ్మ పేరు రాతి మీద ఉండాలని నాలుగేళ్లుగా నా పట్టుదల. అమ్మ పోయినప్పటి నుంచీ ఏటా క్రిస్మస్‌కు ఒకటి రెండు రోజులు వచ్చి, అక్కతో కలిసి సమాధుల తోటకు పోయేదాన్ని. ఒట్టి మట్టిదిబ్బ, పైన వెలిసిపోయిన సున్నం. ప్రార్థన చేసుకొని, కాసేపు ఏడ్చి, వెళ్లిపోయేదాన్ని. వెళ్లేముందు ప్రతిసారీ కట్టిద్దాం అక్కా అనేదాన్ని. అక్క ప్రతిసారీ నీళ్లు నమిలేది. ఒక ఏడు ఎండలు తగ్గినాక అంది. ఒక ఏడు మట్టి ఇంకా కుంగాల అంది. ఇంకో ఏడు మంచి మేస్త్రి దొరకలేదంది. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఈసారి ఎవరికీ చెప్పకుండా హైదరాబాదులోనే రాయి చెక్కించేశాను. అమ్మ పేరు, పుట్టిన ఏడు, పోయిన తేదీ, కింద 'ప్రభువునందు నిద్రించినది' అని. పుట్టిన ఏడు నిజానికి ఎవరికీ తెలియదు. పెద్ద కరువు వచ్చిన ఏడు తాను మేకల వెంట పోయేంత పిల్లనని అమ్మ చెప్పేది. దాన్ని పట్టుకొని నేనే లెక్కగట్టాను.

అక్క రాయిని చూసిన తీరు నాకు నచ్చలేదు. వరండాలో దుప్పటి విప్పి నిలబెట్టాను. అక్క వచ్చి ఎదురుగా గొంతుకూర్చుంది. అక్షరాల్లో ఇరుక్కున్న పీచును చీర కొంగుతో తీసింది. అమ్మ పేరు మీద వేలు పెట్టి మొదటి నుంచి చివరిదాకా పోనిచ్చింది. "బాగుంది" అని లేచి వంటింట్లోకి పోయింది. అంతే. నేను కనీసం ఒక కన్నీటి చుక్కైనా ఆశించాను. ఇంత బరువు ఇంత దూరం మోసుకొస్తే ఇదా అని మనసు చివుక్కుమంది.

అమ్మ పోయినప్పటి సంగతి నాకు తెలిసినంతవరకు చెప్పాలి. కరోనా రెండో విడతలో అక్క ఇంట్లో అందరికీ జ్వరం వచ్చింది. అమ్మకు ఊపిరి ఆడకపోతే ఊళ్లోనే ఆసుపత్రిలో చేర్చారు. మూడో రోజు పోయింది. అక్క అప్పటికి మంచం మీదే ఉంది. ఆసుపత్రికి బావ ఒక్కడే వెళ్లాడు. నేను హైదరాబాదులో జ్వరంతో, మా ఆయన పక్క గదిలో ఆక్సిజన్ సిలిండరుతో. బస్సులు లేవు, పోవడానికి పాసు లేదు, పోయినా చూడనివ్వరు. మనుషుల్ని కోల్పోయిన వాళ్లందరికీ ఆ రోజుల్లో ఇదే కథ, నాదేమీ ప్రత్యేకం కాదు. కానీ నాకు మాత్రం అమ్మ పోయిందనే నమ్మకం కలగలేదు. చూడలేదు, ముట్టుకోలేదు, మన్ను వేయలేదు. రోజుకు పదిసార్లు అక్కకు ఫోన్ చేసి ఏడ్చేదాన్ని. మట్టి పోసిన చోటైనా చూపించమనేదాన్ని. జ్వరం తగ్గి అక్క లేచి నిలబడగలిగిన రోజున సమాధుల తోట నుంచి వీడియో కాల్ చేసింది. ప్రహరీ గోడ పక్కన ఒక మట్టిదిబ్బ. "ఇదే పాపా" అంది. ఆ రోజు నేను మొదటిసారి కడుపునిండా తిని పడుకున్నాను. అదీ నాకు తెలిసిన కథ.

గుడ్ ఫ్రైడే నాడు మధ్యాహ్నం మూడు గంటలసేపు సిలువ మీది ఏడు మాటలు విన్నాం. ఎండ మండిపోతోంది. సంఘంలో ఫ్యాన్లు వేడిగాలినే తిప్పుతున్నాయి. నా చూపంతా ముందు వరసలో కూర్చున్న మేస్త్రి మీదే ఉంది. ఆరాధన కాగానే పట్టుకొని, రేపు పొద్దున్నే రమ్మని మాట తీసుకున్నాను. ఈస్టరు ముందు శనివారం సమాధులన్నీ బాగుచేసుకునే రోజు కాబట్టి ఆయనకు చేతినిండా పని, అయినా ఒప్పుకున్నాడు. అక్క నా పక్కనే ఉంది. ఇంటికి వచ్చేదాకా ఆటోలో బయటికి చూస్తూనే కూర్చుంది.

శనివారం పొద్దున మేం పోయేసరికి సమాధుల తోట తిరునాళ్లలా ఉంది. ఏడాది పొడుగునా ఎవరూ తొంగిచూడని చోటు అది. ఆ ఒక్కరోజు చుట్టుపక్కల పల్లెల నుంచి కూడా జనం వస్తారు. ముళ్లకంప నరికేవాళ్లు, గడ్డి పీకేవాళ్లు, బకెట్లలో సున్నం కలిపేవాళ్లు. ఉన్నవాళ్లు టైల్సు కడుగుతున్నారు, లేనివాళ్లు మట్టి ఎగదోసి దిబ్బను సరిచేస్తున్నారు. అక్క పెద్ద బకెట్ నిండా సున్నం తెచ్చింది. ఒక్క సమాధికి ఇంతెందుకని నేను గొణిగాను. "పక్కనోళ్లకు గూడా ఏద్దాంలే. వాళ్ల మనుషులు ఎవురూ రారు" అంది. పోయిన ఏళ్లు కూడా అట్లాగే చేసిందని పక్క దిబ్బల మీది పాత సున్నం చెప్పింది. మా అక్క గుణం తెలిసిందే కదా అనుకున్నాను.

మేస్త్రి గడ్డపార నేలకు ఆనించి, "ఇదేనా అమ్మా? తలకాడ అడుగు లోతు తీసి, కంకర ఏసి నిలబెడతా. ఇంక నూరేండ్లు కదలదు" అన్నాడు. బావ రాయిని దించి గోడకు ఆనించాడు. దుప్పటి తీసేశాను. సున్నాలు వేస్తున్న వాళ్లు కొందరు పని ఆపి చూశారు. ఎండలో అక్షరాలు మెరిశాయి. నాకు గర్వంగా కూడా ఉంది, ఎందుకు దాచాలి.

మేస్త్రి మొదటి పోటు వేశాడు.

"తవ్వొద్దు" అంది అక్క.

ఆయన ఆగి నా వైపు చూశాడు. నేను అక్క వైపు చూశాను. చేతిలో సున్నపు కుంచె, కారుతున్న సున్నం కాళ్ల మీద పడుతోంది, అది కూడా చూసుకోవడం లేదు.

"ఎందుక్కా?"

"తవ్వొద్దన్నా గదా. పెద్దాయనా, గడ్డపార పక్కన పెట్టు."

"అదే, ఎందుకు? ప్రతిసారీ ఏదో ఒకటి చెప్తావు. ఇప్పుడేం అడ్డమొచ్చింది?"

అక్క కుంచెను బకెట్లో పెట్టింది. నా దగ్గరకు వచ్చి, పక్కనున్న వాళ్లకు వినపడకుండా చెప్పింది. "అమ్మ ఈడ ఉందో లేదో నాకు తెలవదు పాపా."

నాకు అర్థం కాలేదు. మళ్లీ అడిగాను. ఈసారి బావ చెప్పాడు, తల వంచుకొని, ఒక్క చురక కూడా లేకుండా. "ఆ పొద్దు ఒకటే బండిలో ముగ్గుర్ని తెచ్చినారు. నన్ను గేటు దాటనియ్యలేదు. మూడూ తెల్ల మూటలే, మూడూ ఒకటే మాదిరి. ఏది ముందు దించినారో, ఏది యాడ పెట్టినారో గేటుకాడికి కనపడలే. గట్టిగా అడిగితే దూరం, దూరం అన్నారు. వాళ్లకు మాత్రం బయముండదా? పని అయినాక పోయి చూసుకో అని చెప్పి ఎల్లిపోయినారు. పోయి చూస్తే మూడు దిబ్బలు. ఎవురిని అడగాల?"

మూడు దిబ్బలూ నా ముందే ఉన్నాయి. గోడ పక్కన మేం అమ్మదనుకున్నది, దాని పక్కన ఒకటి, ఆ పక్కన ఇంకొకటి. అక్క నాలుగేళ్లుగా మూడింటికీ ఎందుకు సున్నం వేస్తోందో అప్పుడు తెలిసింది.

"మరి ఆ రోజు ఫోన్లో ఇదేనని చెప్పినావు కదా."

"చెప్పినా."

"ఎట్ల చెప్పినావు?"

"గోడ నీడ పడతా ఉన్నింది దీని మీద. అమ్మ జల్మంతా ఆ రేకుల షెడ్డులో ఉడికింది గదా. నీడకున్నదే అమ్మదయితే బాగుండు అనుకున్నా. అదే చూపిచ్చినా."

కోపం వస్తే నా హైదరాబాదు మాట ఎక్కడికి పోతుందో పోతుంది. "నాలుగేండ్లు నన్ను ఎవురి కాడనో ఏడిపిచ్చినావా అక్కా?" అని అరిచాను. తోటంతా వినపడింది. ఎవరో ముసలమ్మ పని ఆపి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అక్క మాత్రం గొంతు పెంచలేదు. "ఏడిచినావు గదా" అంది. "ఏడిచి అన్నం తిన్నావు గదా."

నేను ఇంకేమన్నానో ఇక్కడ రాయను. గోడ దగ్గర నా చెప్పులు వదిలేసి వచ్చిన సంగతి ఆటో ఎక్కాక గాని తెలియలేదు. బావ మేస్త్రికి ఏదో సర్దిచెప్పి, రాయిని మళ్లీ దుప్పట్లో చుట్టి ఆటోలో పెట్టాడు. ఇంటికి వచ్చేదాకా అది మా ఇద్దరి కాళ్ల మధ్యనే ఉంది. సున్నం వేసే పని సగంలోనే ఆగింది.

ఇంటికొచ్చి ముందు గదిలో మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాను. లెక్కల టీచరు బుర్ర కదా, ఊరుకోదు. మూడింట ఒకటి. పదో తరగతి పిల్లలకు నేను ఏటా చెప్పే సంభావ్యత లెక్క. ఇన్నేళ్లు నేను మోకరించి ఏడ్చిన చోట అమ్మ ఉండడానికి మూడింట ఒక వంతు అవకాశం. లేకపోవడానికి రెండు వంతులు. దిబ్బ మీద చెయ్యి పెట్టి నేను చెప్పుకున్న మాటలన్నీ గుర్తొచ్చాయి. మా ఆయన బతికి బయటపడ్డాడని చెప్పడం, కొడుకు ఇంటర్లో చేరాడని చెప్పడం, నా నోటి దురుసుకు క్షమించమని అడగడం. అవన్నీ ఎవరో ఊరూపేరూ తెలియని మనిషికి చెప్పుకున్నానేమోనని సిగ్గేసింది. ఆ సిగ్గు తిరిగి కోపమైంది. సాయంత్రం బస్సుకే వెళ్లిపోవాలనుకున్నాను. ఫోన్ తీసి టికెట్టు చూశాను కూడా.

మూడు గంటలప్పుడు అక్క కంచంలో అన్నం పెట్టుకొచ్చింది. పొద్దుటి నుంచీ ఎవరూ తినలేదు. మంచం కింద కూర్చొని కంచం నా వైపు జరిపింది.

నేను లేవలేదు. "నాలుగేళ్లు చెప్పకుండా ఉన్నదానివి ఇంకో నాలుగేళ్లు ఉండలేకపోయావా? రాయి పెట్టనిస్తే ఏం పోయేది?" అన్నాను, గోడకు చెప్తున్నట్టు.

"అదే చేద్దామనుకున్నా. రాత్రంతా అదే అనుకున్నా. నువ్వు సంతోషంగా పోతావు, నా పీడా ఇరగడయితాది అనుకున్నా." గోళ్లలోని సున్నం గీక్కుంది. "సున్నం ఎవురికి పూసినా తప్పు లేదు పాపా. పేరు పెడితే అట్ల కాదు. ఆడున్నది ఇంకొకరయితే? వాళ్లోళ్లు ఎవురన్నా ఎతుక్కుంటా వస్తే? మన అమ్మ పేరు చూసుకొని ఎనక్కి పోతారు గదా. ఇంగ వాళ్లకు మూడిట్లో ఒకటి గూడా మిగలదు."

బడి మొహం సరిగా చూడని మా అక్క నా లెక్కను నాకంటే ముందే చేసింది. నేను లేచి కూర్చున్నాను. అన్నం కలపడానికి కంచం దగ్గరకు తీసుకున్నాను. అప్పుడు నాకు ఇంకొకటి గుర్తొచ్చింది. ఆ జ్వరం రోజుల్లో ఫోన్లో నేను అన్న మాట. 'అమ్మను ఎక్కడ పెట్టారో కూడా చూసుకోలేని నువ్వు కూతురివేనా?' అన్నాను. అక్క దగ్గుతోంది. దగ్గు ఆగేదాకా ఆగి మరీ అన్నాను, వినపడాలని. ఆ మర్నాడే వీడియో కాల్ వచ్చింది. అడిగేవాడికి చెప్పేవాడు లోకువని ఊరికే అన్నారా! నేను అడిగిన తీరుకు మా అక్క అబద్ధం కాక ఇంకేం చెప్పగలదు?

"నేను ఆ రోజు అన్న మాటకు..." అని మొదలుపెట్టాను.

"ఏ మాట?"

"కూతురివేనా అని."

అక్క మంచినీళ్ల గ్లాసు నా ముందు పెట్టింది. "నీకు జరం. జరంలో అన్నావు. తిను" అంది.

మర్చిపోయిందని నేను అనుకోను. నా కంటే నాలుగేళ్లు పెద్దది. అమ్మ షెడ్డుకు పోయినప్పుడు బడి మానేసి నన్ను చంకనేసుకొని తిరిగింది. అమ్మ చివరి మూడు రోజులూ ఎక్కడుందో, ఎట్లా ఉందో తెలియక తాను ఎంత కుమిలిందో నేను ఒక్కసారి కూడా అడగలేదు. దుఃఖమంతా నా ఒక్కదానిదే అయినట్టు నాలుగేళ్లు ఆ ఇంట్లో తిరిగాను. అది తలుచుకుంటే ఇప్పుడు రాస్తున్నప్పుడు కూడా సిగ్గుగా ఉంది.

రాయిని బావ మంచం కిందకు తోసేశాడు. దాన్ని ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. పేరున్న రాయిని బట్టలుతకడానికి వేసుకోలేం, పారేయలేం. అక్షరాల వైపు కిందికి వచ్చేట్టు బోర్లించి, పైన బియ్యం డబ్బా పెట్టారు. నేను టికెట్టు కొనలేదు.

ఈస్టరు నాడు చీకటితోనే సంఘమంతా సమాధుల తోటకు చేరింది. తూరుపు తెల్లబడుతుండగా పాటలు పాడారు. పాస్టరు అయ్యగారు పునరుత్థాన సందేశం చెప్పారు. ప్రతి సమాధి మీదా కొవ్వొత్తులు, బంతిపూలు, కనకాంబరాలు. మా మూడు దిబ్బల్లో ఒకటే తెల్లగా ఉంది, రెండు నిన్నటి గొడవలో మిగిలిపోయాయి. అందుకని సున్నం బకెట్ మళ్లీ వెంట తెచ్చుకున్నాం. ఆరాధన అయ్యి, ఒకరికొకరు 'ప్రభువు లేచెను' అని చేతులు కలుపుకొని, జనం పలచబడ్డాక అక్క, నేను పని మొదలుపెట్టాం. ఒక దిబ్బకు తాను, ఒక దిబ్బకు నేను. నాకు చేతకాక సున్నం చీర మీదే ఎక్కువ పడింది. ఏది అమ్మదో నాకు తెలియదు. దేని మీద చెయ్యి పెట్టినా కళ్లు తడి అవుతూనే ఉన్నాయి.

ఎండ ఎక్కే వేళకు ఒక పెద్దాయన గేట్లోంచి నెమ్మదిగా వచ్చాడు. డెబ్భై దాటి ఉంటాయి. తెల్ల పంచె, చేతిలో ప్లాస్టిక్ సంచి, ఇంకో చేతిలో కర్ర. ప్రతి సమాధి దగ్గరా ఆగి రాళ్ల మీద పేర్లు చూస్తున్నాడు. చదువు వచ్చినట్టు లేదు, ఆ రాతల వైపు ఊరికే చూసి ముందుకు వస్తున్నాడు. మా దగ్గరకొచ్చి ఆగాడు.

"వందనాలమ్మా. కరోనాలో పోయినోళ్లను ఈ గోడెంబడి పెట్టినారంట. అయ్యగారు చెప్పినాడు. మా ఆడమనిషి గూడా ఆ తూరే పోయింది, ఈడ ఆసుపత్రిలో."

అక్క బకెట్ పక్కకు జరిపి, "ఏ ఊరు పెద్దాయనా?" అంది.

త్రిపురాంతకం అవతల పల్లె అన్నాడు. ఆ రోజుల్లో రావడానికి బండి దొరకలేదు. తర్వాత తుంటి విరిగి రెండేళ్లు మంచాన పడ్డాడు. కొడుకు బెంగుళూరులో కట్టుబడి పనికి పోయాడు, తీసుకుపోతానంటూనే ఉన్నాడు, వచ్చేదెప్పుడో తెలియదు. ఈ పొద్దు మొదటి బస్సుకు తానే బయలుదేరి వచ్చేశాడట. పోయిన రోజు ఏదని అడిగాను. గురువారమో శుక్రవారమో అన్నాడు. ఆ నెలలో ఎన్ని గురువారాలు, ఎన్ని శుక్రవారాలు!

"చిన్న మనిషమ్మా" అన్నాడు, చెయ్యి తన భుజం దాకా ఎత్తి చూపిస్తూ. "ఇంతే ఉంటాది. గుంత గూడా చిన్నదే తవ్వుంటారు." మూడు దిబ్బల వంకా మార్చి మార్చి చూశాడు. మూడూ ఒకే పొడవు. "ఇన్నేండ్లకొచ్చినా. ఏదో తెలవకుండానే పోవాల్నేమో" అని, సంచిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "మీరు ఈ ఊరోళ్లు గదా. మీకేమన్నా తెలుసా తల్లీ?"

అక్క కుంచెను బకెట్లో ముంచింది. నేను ఆమె వైపు చూడలేదు. నిజం చెప్పడానికి రెండు మాటలు చాలు. మాకూ తెలియదు పెద్దాయనా, మేమూ మీ లాంటివాళ్లమే అంటే సరిపోయేది. నిన్న ఆ రెండు మాటల కోసమే నేను నా అక్కను పదిమందిలో కడిగేశాను.

గోడ నీడ పడుతున్న దిబ్బను చూపించి, "ఇదే" అన్నాను.

"ఇదేనా?"

"ఇదే పెద్దాయనా. మా బావ ఆ పొద్దు గేటు కాడ ఉన్నాడు. ఆయన చెప్పినాడు."

ఆయన కర్ర పక్కన పడేసి, ఆ విరిగిన తుంటితోనే మెల్లగా నేల మీదికి వంగి కూర్చున్నాడు. దిబ్బ మీద చెయ్యి పెట్టాడు. నిన్న వేసిన సున్నం చేతికి అంటింది. తుడుచుకోలేదు. ఏదో మాట్లాడుతున్నాడు, గొణుగుడులో మాకు ఒకటి రెండు మాటలే వినపడ్డాయి. కొడుకు సంగతి, గేదె ఈనిన సంగతి. మేం ఇద్దరం దూరంగా జరిగి నిలబడ్డాం.

చాలాసేపటికి కళ్లు తుడుచుకొని, సంచిలోంచి రెండు కొవ్వొత్తులు తీశాడు. ఒకటి వెలిగించి దిబ్బ తల వైపు గుచ్చాడు. రెండోది చేతిలో పెట్టుకొని మా వైపు తిరిగాడు.

"మీ మనిషి ఎవురమ్మా ఈడ?"

"మా అమ్మ" అన్నాను.

"ఏది?"

అక్క నా చెయ్యి పట్టుకుంది. నేను పక్క దిబ్బ చూపించాను. ఇంకా ఆరని సున్నంలో ఆయన రెండో కొవ్వొత్తి గుచ్చి, వెలిగించి, మా అమ్మకు దండం పెట్టాడు.